కుర్చీ మిట్టన, ఆటో పల్లంలో

మీ ప్రశ్న, నా జవాబు

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం రుద్రంపేట. మా తమ్ముడికి 26 ఏళ్లు. మూడేళ్ల కిందట మిద్దె మీద నుంచి పడి వెన్నెముక దెబ్బతింది. నడుము కింద స్పర్శ లేదు, వీల్‌చైర్‌లోనే ఉంటాడు. ఈ మధ్యే సుభాష్ రోడ్డులో ఒక లెక్కల ఆఫీసులో ఉద్యోగం దొరికింది. జీతం 11 వేలు. సమస్యంతా పోయి రావడమే. ఆటోలు ఆగవు. ఆగినా కుర్చీని చూసి డబుల్ బాడుగ అడుగుతారు. అమెరికాలో ఉండే మా చిన్నాన్న కొడుకు, అక్కడైతే ఇంటి ముందుకే వ్యాను వస్తుందనీ, దాన్ని పారాట్రాన్సిట్ అంటారనీ చెప్పినాడు. అట్లాంటిది మన దగ్గర ఉందా? ఉంటే ఎవరిని అడగాలి?
(ఒక అక్క, అనంతపురం)

జవాబు: లేదు తల్లీ. ఫోన్ చేస్తే ఇంటి ముందుకొచ్చి ర్యాంపు దించే సర్కారు వ్యాను మన ఊళ్లో లేదు. నిన్ను నాలుగు ఆఫీసుల చుట్టూ తిప్పడం ఇష్టం లేక ముందే చెప్తున్నా.

మీ చిన్నాన్న కొడుకు చెప్పింది నిజమే. అక్కడ 1990లో వికలాంగుల కోసం ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం, ఊళ్లో బస్సులు నడిపే సంస్థే, మామూలు బస్సు ఎక్కలేనివాళ్లకు వేరే బండి నడపాలి. బస్సు పోయే దారికి అటూ ఇటూ ముప్పావు మైలు లోపల, అంటే దాదాపు 1.2 కిలోమీటర్ల లోపల, ఎక్కించుకుని దింపాలి. చార్జీ మామూలు బస్సు టికెట్‌కు రెండింతలు దాటకూడదు. ముందురోజు ఫోన్ చేసి చెప్పుకోవాలి. ఆసుపత్రికా, ఆఫీసుకా, సినిమాకా అని అడిగి, దాన్నిబట్టి ఒకరిని ముందూ ఒకరిని వెనకా పెట్టకూడదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ చివరిదే. ఇక్కడ నేను ఆదివారం ఆటో ఎక్కితే, "ఈ పొద్దు సెలవు కదమ్మా, యాడికి?" అని వీధంతా అడుగుతుంది.

మరి మన చట్టంలో ఏముంది? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో 41వ సెక్షన్ రాకపోకల గురించే. బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, రోడ్లు మనకు అనువుగా ఉండాలని మొదటి భాగం చెప్తుంది. ఎవరూ పెద్దగా పట్టించుకోనిది రెండో భాగం. వికలాంగులు తమంతట తాము తిరిగేందుకు, భరించగలిగే ఖర్చులో ప్రభుత్వాలు పథకాలు పెట్టాలని అందులో ఉంది. ప్రోత్సాహకాలు, రాయితీలు, బండ్లకు మార్పులు, తిరగడానికి వ్యక్తిగత సాయం, అన్నీ రాసి ఉన్నాయి. "ఇంటికి వ్యాను పంపాలి" అన్న ముక్క లేదు గానీ, పంపాలనుకున్న కలెక్టరుకు అడ్డం వచ్చే ముక్క కూడా లేదు.

ఇంకో సంగతి చెప్తాను. మన దేశంలో ఊళ్లకు ప్లాన్లు గీసే ఇంజనీర్లు పారాట్రాన్సిట్ అనేది దేన్నో తెలుసా? ఆటోలను, షేర్ ఆటోలను. బస్సుకూ సొంత బండికీ మధ్యలో తిరిగేవి కాబట్టి ఆ పేరు. కాబట్టి మీ తమ్ముడు అడిగే బండి ఇప్పటికే రుద్రంపేట మలుపులో నిలబడి "టవర్ క్లాక్, టవర్ క్లాక్" అని అరుస్తోంది. దాన్ని మీ ఇంటి దాకా రప్పించుకోవడం ఒక్కటే మన పని. నేను 19 ఏళ్లుగా ఆ పనిలోనే ఉన్నా.

నాకు రెండో ఏట పోలియో వచ్చింది. కాలిపర్స్‌తో, అంటే కాళ్లకు కట్టే ఊత పట్టీలతో, చాలా ఏళ్లు నడిచి, భుజాలు అరిగిపోయి, 37వ ఏట కుర్చీలోకి వచ్చాను. ఉద్యోగం వదిలేద్దామనుకున్న నెలలోనే మా ఆటో అన్న దొరికినాడు. దొరికినాడంటే, మొదటిరోజు ఆయన కూడా ఆపలేదు. రెండోరోజు ఆపి, "మేడం, పొద్దున్నే బోణీ టైం, ఏమనుకోవద్దు" అని వెళ్లిపోయినాడు. మూడోరోజు ఆయన ఆటో మా వీధిలోనే పంక్చరైంది. స్టెప్నీ మార్చేదాకా పక్కనే కూర్చుని మాట్లాడినా. నాలుగోరోజు నేనే బోణీ.

ఇప్పుడు అసలు విషయం. ఆటోవాళ్లు ఆగకపోవడానికి సగం కారణం దుర్మార్గం కాదు, భయం. మనిషిని ఎట్లా ఎత్తాలో తెలియదు, పడితే ఎవరు జవాబు చెప్పుకోవాలి అనే టెన్షన్. నువ్వూ మీ అమ్మా కలిసి తమ్ముణ్ని చంకల కింద పట్టుకుని ఎత్తుతుంటారు కదా? అది చూసే ఏ డ్రైవరైనా యాక్సిలరేటర్ తిప్పుతాడు. ఎత్తడం మానేయండి. జరపండి.

టేపు తీసుకుని కొలవండి. మా కుర్చీ సీటు నేల నుంచి 50 సెంటీమీటర్లు. మా అన్న ఆటో సీటు దానికంటే జానెడు ఎత్తు. ఆ జానెడే మన శత్రువు. పల్లం నుంచి మిట్టకు మనిషిని జరపలేం, సమానంగా ఉంటే జరపొచ్చు. కాబట్టి ఆటోను పల్లంలో నిలపాలి, కుర్చీని మిట్టన పెట్టాలి. మా ఇంటి ముందు సిమెంటు అరుగు ఉంది, దాని అంచుకు ఆటో ఎడమ పక్క ఆనుకునేలా నిలబెడతాడు. కుడి పక్క కమ్మీ అడ్డం ఉంటుంది కాబట్టి ఎక్కేది ఎడమ నుంచే. ఆఫీసు దగ్గర అరుగు లేదు. అక్కడ కాలువ మీద వేసిన బండ పనికొచ్చింది. ఈ కిటుకు కనిపెట్టడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది, అదీ ఒక వాన రోజు ఆటో బురద గుంతలోకి దిగబడి కదలకపోతే. తిట్టుకుంటూ కుర్చీ దగ్గరికి తెచ్చినాడు, చూస్తే సీట్లు రెండూ ఒక మట్టంలో ఉన్నాయి!

తర్వాత పలక. మూడడుగుల పొడవు, జానెడున్నర వెడల్పు, టేకుది. వడ్రంగి చేత రెండు కొసలూ పలచగా చెక్కించి, నున్నగా తోమించి, మైనం రుద్దించండి. కుర్చీని ఆటో సీటుకు కాస్త ఏటవాలుగా ఆనించి, రెండు బ్రేకులూ వేసి, కాళ్ల పెడలు మడిచి, ఆటో వైపు చేతిపట్టా ఊడదీయాలి. (ఊడి వచ్చే చేతిపట్టా ఉన్న కుర్చీ కాకపోతే ముందు అది మార్చుకోండి. ఈ పనికి స్థిరమైన పట్టా కుర్చీ దండగ.) పలక ఒక కొస తొడ కింద, ఇంకో కొస ఆటో సీటు మీద. ఆటో మధ్య కడ్డీని పట్టుకుని మీ తమ్ముడే మూడు నాలుగు జరుగుళ్లలో లోపలికి పోతాడు. వయసులో ఉన్నవాడు, చేతుల్లో బలం ఉంటుంది. డ్రైవరు చేయాల్సింది కుర్చీ కదలకుండా పట్టుకోవడమే. మా అన్న ఆ పని చేస్తూ పక్కవాళ్లతో పొలం బేరాలు కూడా మాట్లాడుతుంటాడు. కాగితాల్లో మమ్మల్ని విభిన్న ప్రతిభావంతులంటారు గానీ, ప్రతిభ ఆయనది.

మీ తమ్ముడి విషయంలో నాకు లేని ఇబ్బందులు రెండున్నాయి, బాగా గుర్తుపెట్టుకో. పోలియోలో కదలిక పోతుంది గానీ స్పర్శ ఉంటుంది. వెన్నెముక దెబ్బలో స్పర్శ ఉండదు. ఆటో కుదుపుకు కాలు బయటికి జారి రోడ్డుకు రాసుకుంటున్నా అతనికి తెలియదు. మెత్తటి టవలుతో రెండు మోకాళ్లూ కలిపి కట్టి, పాదాలు లోపలికి పెట్టి, ఇంటికొచ్చాక రోజూ మడమలు చూడు. రెండోది, కుర్చీలో వాడే పరుపునే ఆటో సీటు మీద కూడా వేయాలి. గుంతల రోడ్డు మీద అరగంట గట్టి సీటు మీద కూర్చుంటే పుండు పడుతుంది. ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. ఉద్యోగం దానికే పోతుంది.

కుర్చీని మడిచి లోపలే, కాళ్ల ముందు నిలబెట్టి తాడుతో కట్టండి. టాపు మీద వద్దు. చక్రాలు చిటికెలో ఊడే రకమైతే సీటు వెనక పడుతుంది. కొందరు సులువుగా ఉంటుందని, మనిషిని కుర్చీతో సహా లగేజీ ట్రాలీ ఆటోలో ఎక్కిస్తున్నారు. నాకు ఒళ్లు మండుతుంది. చూడటానికి అవమానం సంగతి అట్లుంచు, అది సరుకు బండి, మనుషులను ఎక్కించడానికి పర్మిట్ లేదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర చిక్కు.

ఇక డబ్బు. రోజూ బేరం ఆడితే రోజూ ఓడిపోతావు. నెలకు మాట్లాడుకో. బడి పిల్లలకు నెల ఆటో పెట్టడం మనకు కొత్త కాదు కదా, అదే లెక్క. అయితే ఒక మాట. డ్రైవరు అడిగే ఎక్కువలో కొంత న్యాయం ఉంది. మామూలు సవారీ అర నిమిషంలో ఎక్కుతుంది. మనకు ఎక్కడానికి ఐదు నిమిషాలు, దిగడానికి ఐదు. ఆ పది నిమిషాలకు విలువ కట్టి ఇవ్వు, కుర్చీకి మాత్రం పైసా ఇవ్వకు. నేను మా అన్నతో బాడుగ మాట్లాడుకున్న రోజు ఈ మాటే చెప్పినా: "అన్నా, నీ టైముకు ఇస్తా, నా కుర్చీకి ఇయ్యను. అది నా కాళ్లు. కాళ్లకు టికెట్ ఉంటుందా?" ఆయన నవ్వి, వంద తగ్గించినాడు.

11 వేల జీతంలో నెల ఆటో బరువే. అదే దారిలో పోయే ఇంకొకరిని వెతుకు. మీ వీధి నుంచి డయాలిసిస్‌కు పోయే పెద్దాయనో, టౌనులో మిషను కుట్టే పోలియో అమ్మాయో ఉండకపోరు. ఇద్దరైతే బాడుగ సగం, డ్రైవరుకు ఆదాయం ఎక్కువ. అమెరికా వ్యాను కూడా చేసేది ఇదే, దారిలో ఇంకొకరిని ఎక్కించుకుంటుంది. పొద్దుటి రద్దీ తప్పించుకోవడానికి, ఆఫీసు వాళ్లను తొమ్మిదిన్నరకు బదులు పదిన్నరకు రానివ్వమని అడుగు. జీతం పెంచమనడం కంటే సులభంగా ఒప్పుకుంటారు. ఒకే షరతు, సాయంత్రం గంట ఎక్కువ కూర్చోవాలి. ఆ ఆఫీసు గడప ముందు ఎన్ని మెట్లున్నాయో నువ్వు రాయలేదు. ఒక్క మెట్టే, 15 సెంటీమీటర్లే అయినా ఆరడుగుల ర్యాంపు కావాలి. ఎత్తుకు పన్నెండు రెట్లు పొడవు, అదీ కొలత. పొట్టి ర్యాంపు వేసి "వేసినాం కదా" అంటారు. అది ర్యాంపు కాదు, జారుడుబండ.

ఇదంతా చేస్తూనే అర్జీ కూడా పెట్టు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. "న్యాయం చేయండి" అని రాయకు. 2016 చట్టం, సెక్షన్ 41, రెండో భాగం అని నంబరు వేసి, ఆ పథకం కింద మన ఊళ్లో పది ఆటోలకు మార్పులు చేయించి, డ్రైవర్లకు ప్రోత్సాహకం ఇవ్వమని ఒక్క కోరిక రాయి. రసీదు తీసుకో. నేను రెండుసార్లు ఇచ్చినా. రసీదులు రెండూ జాగ్రత్తగా ఉన్నాయి. మూడోది మీ తమ్ముడి పేరు మీద పడితే బరువు పెరుగుతుంది.

ప్రశ్న: నాకు చూపు లేదు. కడపలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఏడు రోడ్ల దగ్గర బస్సు ఏది వచ్చిందో తెలియక, అడిగేలోపే కదిలిపోతోంది. ఎట్లా?
(ఒక విద్యార్థి, కడప)

జవాబు: బాబూ, నీకు నాకంటే ఒక సౌకర్యం ఉంది. షేర్ ఆటో కుర్రాళ్లు గొంతు చించుకుని "రిమ్స్, రిమ్స్" అని అరుస్తారు కదా, కళ్లున్నవాళ్లకు అది గోల, నీకు అదే బోర్డు. బస్సు మాత్రం మూగది. మా చూపులేని స్నేహితుడొకాయన ఆటో ఇంజన్ శబ్దాన్ని బట్టి డీజిలుదా, గ్యాసుదా చెప్పేసి, తర్వాత ఊరి పేరు కోసం చెవి ఒగ్గుతాడు.

2020 మార్చి 1 నుంచి కొత్త బస్సులకు కేంద్రం నియమాలు పెట్టింది. వికలాంగులకు కేటాయించిన సీట్లు, వాటికి గుర్తులు, చేతికర్ర పెట్టుకునే తావు, పట్టుకునే కడ్డీలు ఉండాలని. ఎక్కినాక సీటు అడగడానికి మొహమాటపడకు. ఎక్కడం కోసమైతే, రోజూ ఒకే చోట నిలబడు. తెల్ల కర్ర మడిచి సంచిలో పెట్టుకునే అలవాటు చాలామంది కుర్రాళ్లకుంది, సిగ్గని. కర్ర కనిపిస్తేనే కండక్టరు ఆగుతాడు. ఎవరూ లేకపోతే ఫోనులో "బీ మై ఐస్" అనే యాప్ ఉంది, వీడియో కాల్‌లో ఒక వాలంటీరు నీ కెమెరాలోంచి బోర్డు చదివి చెప్తారు. చెప్పేలోపు బస్సు పోవచ్చు, అది వేరే సంగతి.

ఆటో ఎక్కేటప్పుడు ఒక్కటి ముందే మాట్లాడుకో. నీ కాలేజీ ఏ పక్కన ఉందో ఆ పక్కనే దింపమను. ఏడు దారులు కలిసే చోట రోడ్డు దాటడం చూపున్నవాళ్లకే గండం. ఐదు రూపాయలు ఎక్కువ తీసుకున్నా సరే. చిల్లర కోసం రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన "మణి" యాప్ నోటు విలువ చెప్తుంది. అయినా పదులు సగానికి, ఇరవైలు పావుకు మడిచి పెట్టుకో, వేళ్లే చదువుతాయి.

ప్రశ్న: మా అబ్బాయికి కుడి కాలు పోలియో. స్కూటీకి వెనక రెండు పక్క చక్రాలు వేయిస్తే కాలేజీకి తనే పోతానంటున్నాడు. మెకానిక్ వేస్తానన్నాడు. వేయించవచ్చా?
(ఒక తండ్రి, కర్నూలు, కల్లూరు)

జవాబు: వేయించండి, కానీ మెకానిక్ దగ్గరికి పోకముందు రవాణా ఆఫీసుకు పోండి. ముందు చక్రాలు వేయించి తర్వాత కాగితాల కోసం తిరిగేవాళ్లే ఎక్కువ. ఆర్‌సీలో బండి మార్పు ఎక్కాలి. ఇన్సూరెన్స్ కంపెనీకీ చెప్పాలి. లైసెన్సు పరీక్ష ఆ బండి మీదే పెట్టమని అడగండి.

2019 సవరణకు ముందు చట్టంలో ఇట్లాంటి బండి పేరు "ఇన్వాలిడ్ క్యారేజ్". ఇప్పుడు "అడాప్టెడ్ వెహికల్" అని మార్చారు. నా పాత లైసెన్సులో ఆ ఇన్వాలిడ్ ముక్కే ఉండేది. ఫోనులో తప్పు నంబరు కొడితే వచ్చే మాటే కదా అది. చెల్లని బండికి చెల్లే లైసెన్సు అని మా తమ్ముడు ఎగతాళి చేసేవాడు.

అన్నట్టు, పక్క చక్రాల బండిని మలుపులో మామూలు స్కూటీలా వంచకూడదు, వంగదు కూడా. అబ్బాయిని మొదటి పదిహేను రోజులు ఖాళీ గ్రౌండులో తోలమనండి. ఇంకో జాగ్రత్త, వెనక వెడల్పు పెరిగిందని మనిషి మరిచిపోతాడు. మా ఇంటి గేటు స్తంభం మీద ఆ గీత ఇంకా ఉంది.

ప్రశ్న: మా నాన్నకు కాలు తీసేశారు. కర్నూలు సిటీ స్టేషన్ నుంచి హైదరాబాదుకు చెకప్‌కు పోవాలి. రైల్లో రాయితీ ఉందా, తోడు పోయేవాళ్లకూ ఇస్తారా?
(కర్నూలు)

జవాబు: తోడు లేకుండా పోలేరని ప్రభుత్వ డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే ఇద్దరికీ ఉంది. మామూలు రైళ్లలో స్లీపర్‌కు, థర్డ్ ఏసీకి 75 శాతం తగ్గుతుంది. ముందు రైల్వే ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు తీసుకోండి, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయొచ్చు. చాలా రైళ్లలో వెడల్పు తలుపులు, పెద్ద బాత్రూము ఉన్న ప్రత్యేక పెట్టె ఉంటుంది, మామూలుగా రైలు కొసన. కొసన అంటే ప్లాట్‌ఫారం చివరన, అంటే నీడ లేని తావున. నీళ్ల సీసా, గొడుగు మరిచిపోకండి.

ప్రశ్న: మీరు ప్రతి నెలా రాసే ఆ ఆటో అన్న ఫోన్ నంబరు ఇస్తారా? మాదీ అనంతపురమే, మా అమ్మకు కావాలి.
(రాంనగర్)

జవాబు: ఇవ్వను. ఆ సీట్లో నేను కూర్చున్నాను. అయితే పలక కొలతలు పైన రాశాను, అరుగు సంగతీ రాశాను. మీ వీధి చివర నిలబడే ఆయనకు ఈ పేజీ చదివి వినిపించండి. వినకపోతే, ఆయన టైరు పంక్చరయ్యేదాకా ఆగండి.